వేపమ్మకు పుట్టిల్లు దొరికిన రోజు

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో మా ఇంటి ముందు పెళ్ళిపందిరి వేశారు. పెళ్ళికొడుకు రావిచెట్టు. పెళ్ళికూతురు వేపమొక్క!

రావి నారాయణుడు, వేప లక్ష్మి అనేది మా అవ్వ. రెండేళ్ళు దాటినా మా తమ్ముడికి నడక రాలేదు. వాడు నడవాలని, రావికీ వేపకీ పెళ్ళి చేస్తానని అవ్వ మొక్కుకుంది. రావి అప్పటికే నిలువెత్తు ఉంది. పక్కనే వేపమొక్క నాటించి, చుట్టూ ముళ్ళకంప పెట్టించి, నీళ్ళు పోసే పని నాకిచ్చింది.

"పెద్దదానివి. పెండ్లికూతురు నీ చేతిలో ఉండాది" అంది. నాకు తొమ్మిదేళ్ళు... కాళ్ళు నేలమీద నిలిస్తేగా!

పెళ్ళి ముందురోజు కంప పక్కకు లాగి నీళ్ళు పోస్తున్నాను. నాయన ఆత్మకూరు నుంచి పూలదండలు, పసుపుతాడు తెచ్చి బస్సు దిగాడు. అంతే... లాగిన కంప లాగినట్టే వదిలేసి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మా మేక నెమరేస్తోంది. నేలమీద జానెడు పుల్ల మిగిలింది.

తమ్ముడు ఇక నడవడు... నా వల్లే. అదొక్కటే తోచింది.

ఇంట్లో చెప్పలేదు. పక్కింటి బీబీ అత్త దగ్గరికి పోయాను. ఆమె భర్త కొయ్య గరిటెలు చెక్కేవాడు. వాళ్ళ తొట్టి పక్కన వేపమొక్కలు మొలిచేవి.

"ఏందిమే, ఏమైంది?"

"మేక పెండ్లికూతుర్ని తినేసింది అత్తా..."

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "పెండ్లి గాకముందే విందు జేసేసిండాదే!"

మన్నుతో సహా ఒక మొక్క తవ్వి నా చేతిలో పెట్టింది. "ఆగు, మా పిల్లని బోసిగా పంపిస్తానా?" అంటూ తన చేతి పచ్చగాజు తీసి దానికి తొడిగింది.

మొక్క నాటుతుండగా అవ్వ చూడనే చూసింది. దెబ్బలు ఖాయమనుకున్నాను. అంతా చెప్పేశాను.

అవ్వ వంగి గాజును వేలితో తిప్పి చూసింది. "ఆడపెండ్లోళ్ళు లేకుండా పెండ్లేంది? పో, బీబీని పిల్చకరా పో."

మర్నాడు బీబీ అత్త కొత్త చీర కట్టుకుని, సారెగా ఒక కొయ్య గరిటె పట్టుకుని వచ్చింది. కాపురానికి గరిటె లేకుండా ఎట్లా మరి! అవ్వ ఎదురెళ్ళి చాప వేసింది.

"మీ అబ్బాయి రవ్వంత వంకరగా ఉండాడే అవ్వా!" అంది అత్త, రావిని ఎగాదిగా చూసి.

"మీ పిల్ల చేదు గదమ్మా, మేమేమన్నా అంటిమా?" అంది అవ్వ.

పందిరంతా నవ్వులు! పసుపుతాడు కట్టేటప్పుడు తమ్ముణ్ణి నేనే ఎత్తుకున్నాను. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను...

ఆ ఏడే వాడు నడిచాడు. ఆ గరిటె పట్టుకుని, మేక వెంటపడి!

మొన్న ఊరికి వెళ్ళాను. రావి, వేప ఒకదాన్నొకటి అల్లుకుపోయాయి. చుట్టూ ఇనుప కంచె, తాళం. ఇప్పుడు ఏ మేకా లోపలికి పోలేదు... ఏ పిల్లా పోలేదు. బయట నుంచే దండం పెట్టుకుని వచ్చాను.

మీ ఊళ్ళో చెట్లకు పెళ్ళి చేశారా? మీ వేపమ్మకు పుట్టిల్లు ఎవరిది... చెప్పరూ?