తాగని మనిషి తూలిన నడక

కరోనా రెండో వేవ్ తగ్గాక వచ్చిన చలికాలంలో నన్ను కణజీవశాస్త్ర విభాగం నుంచి వంశపారంపర్య నాడీ వ్యాధుల ప్రాజెక్టుకు మార్చారు. అప్పటికి నాది సీనియర్ సైంటిస్టు హోదా. పదవీ విరమణ దగ్గర పడుతోంది. మా సంస్థ శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది. అన్నేళ్లూ నేను సూక్ష్మదర్శినిలో కణాలనే చూశాను. మనుషుల ఇళ్లకు వెళ్లి వంశవృక్షాలు గీయడం, రక్తం సేకరించడం ఆ ప్రాజెక్టుతోనే మొదలైంది.

నర్సింలును మా దగ్గరికి పంపింది నగరంలోని ఒక నాడీ వైద్యుడు. వయసు నలభై దాటింది. ఊరి చెరువులో చేపలు పట్టడమే అతని పని. కొంతకాలంగా నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. గుండీ పెట్టుకోబోతే వేలు పక్కకు పోతోంది. స్కానింగులో చిన్నమెదడు కుంచించుకుపోయినట్టు కనిపించింది. కాలూ చెయ్యీ తూకం తప్పకుండా కదిలేలా చూసేది ఆ భాగమే. అది దెబ్బ తింటే మనిషి తాగినవాడిలాగే నడుస్తాడు.

ఊళ్లో అతనికి తాగుబోతన్న పేరు అలాగే వచ్చింది. తాగి తెప్ప ఎక్కుతున్నాడని మత్స్యకారుల సంఘం వాళ్లు అతన్ని నీళ్లలోకి పోనివ్వడం మానేశారు.

"కల్లు చుక్క గూడ ముట్టలే మేడం. నా నోరు వాసన చూడుండ్రి అని మొత్తుకున్న. వాసన రాకుంట ఏమో నములుతున్నవన్నరు," అని మొదటి రోజే చెప్పాడు.

వంశవృక్షం కోసం వాళ్లింటికి వెళ్లాను. భార్య కొన్నేళ్ల కిందట జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్నది తల్లి బాలమ్మ, మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లే ఇరవయ్యేళ్ల కూతురు స్వప్న. మా పద్ధతిలో మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం గీస్తాం. రోగం ఉంటే లోపల నలుపు నింపుతాం. పోయినవారి గుర్తు మీద అడ్డంగా గీత కొడతాం. బాలమ్మ భర్త గుర్తు మీద గీత కొట్టి, ఎలా పోయారని అడిగాను.

"తాగి చెరువుల వడ్డడు," అని బాలమ్మ గోడవైపు తిరిగింది.

చివరి రోజుల్లో తండ్రి నడక కూడా ఇలాగే ఉండేదని నర్సింలు అన్నాడు. ఆ చతురస్రంలో ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. రోగం ఎవరి వైపు నుంచి వచ్చిందో తేల్చడానికి బాలమ్మ రక్తం కూడా కావాలని చెప్పాను. ఆమె చెయ్యి చాపింది.

మేము వెతికింది ఒక జన్యువులో. అందులో మూడు డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఒకటి వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. అందరిలోనూ అంతే. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఆ వరస హద్దు దాటి సాగుతుంది. అప్పుడు తయారయ్యే ప్రోటీన్ చిన్నమెదడు కణాల్లో ముద్ద కట్టి, వాటిని మెల్లగా చంపుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా నర్సింలుకు వచ్చిన ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి హద్దు దాటింది. బాలమ్మ ప్రతులు రెండూ మామూలుగానే ఉన్నాయి. నమూనాల మీద పేర్లు కనిపించకుండా చేసి, వేరే సహోద్యోగితో పరీక్ష మళ్లీ చేయించాను. ఫలితం మారలేదు.

పరిశోధన కోసం తీసిన రక్తంలో తేలిన సంగతిని నేరుగా రోగికి చెప్పకూడదు. నైతిక సమీక్షా సంఘం అనుమతి తీసుకుని, గుర్తింపు పొందిన రోగనిర్ధారణ ల్యాబులో కొత్త నమూనాతో నిర్ధారించుకుని, జన్యు సలహాదారు సమక్షంలో చెప్పాలి. అవన్నీ పూర్తయ్యాక ముగ్గురినీ మా కార్యాలయానికి పిలిపించాం.

రోగం పేరు చెప్పాం. దాన్ని ఆపే మందు ఇప్పటికి లేదని, వ్యాయామంతో, మాట సాధనతో కొంత నిలదొక్కుకోవచ్చని చెప్పాం. పిల్లలకు వచ్చే అవకాశం సగం. స్వప్న కావాలంటే పరీక్ష చేయించుకోవచ్చు, వద్దంటే లేదు. సలహాదారు చెప్పడం ముగించాక బాలమ్మ నావైపు తిరిగింది.

"నాకు లేదంటిరి. అంటే గిది ఆయన దిక్కు నుంచి వచ్చిందా?"

అవునన్నాను.

"మరి ఆయన తాగలేదా?"

తాగలేదు అనేస్తే సరిపోయేది. ఆ గదిలో అందరికీ కావలసిన మాట అదే. కానీ ఆ మనిషి రక్తం మేమెన్నడూ చూడలేదు. అందుకని నాకు తెలిసినంతే చెప్పాను. ఆయనకు ఈ రోగం దాదాపు తప్పక ఉండి ఉంటుంది. ఉంటే, చుక్క తాగకపోయినా అలాగే తూలేవాడు. ఆ రోజు చెరువు దగ్గర ఏం జరిగిందో మాత్రం ఏ పరీక్షా చెప్పలేదు.

"నోరు వాసన చూస్తుంటి. ఏం రాకపోతుండె. అయినా నమ్మకపోతి. ఇంట్లకు రానియ్యక అరుగు మీదనే పండవెట్టిన," అంది బాలమ్మ.

"నువ్వొక్కదానివేనా అమ్మా, నేను గూడ తిట్టిన," అన్నాడు నర్సింలు. ఆమె భుజం మీద వేయబోయిన చెయ్యి మొదట కుర్చీకి తగిలింది. మళ్లీ ఎత్తి వేశాడు.

ఆ తర్వాత అతను అడిగింది ఒక్కటే. సంఘంవాళ్లకు నేను వచ్చి చెప్పాలి. రోగి రాతపూర్వక అనుమతి లేకుండా అతని సంగతి బయటికి చెప్పకూడదు. పైగా ఇది వంశంలో వచ్చేది కాబట్టి, అతని గురించి చెబితే కూతురి గురించీ కొంత చెప్పినట్టే అవుతుంది. నరాల జబ్బని మాత్రం చెప్పి ఊరుకుందామని సలహాదారు సూచించింది.

స్వప్న ఒప్పుకోలేదు. "సగం చెప్తె సగమే నమ్ముతరు మేడం. మా తాతను అన్నరు, నాయినను అన్నరు. రేపు నా కాళ్లు గిట్లయితే నన్ను గూడ గదే అంటరు. మొత్తం చెప్పుండ్రి." తండ్రీకూతుళ్లిద్దరూ అనుమతి పత్రం మీద సంతకం పెట్టారు. పరీక్ష మాత్రం ఇప్పుడు వద్దంది స్వప్న. కారణం మేము అడగలేదు. అడగకూడదు కూడా.

చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో సంఘంవాళ్లు కూర్చున్నారు. స్కానింగు ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాను. నర్సింలును తన ముక్కు, తర్వాత నా వేలు ముట్టుకోమన్నాను. అతని చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగడం అందరూ చూశారు.

"గిది అంటుకుంటదా?" అని అధ్యక్షుడు అడిగాడు. అంటుకోదన్నాను.

"అయితే తెప్ప మీద పోవచ్చా?"

పోకూడదన్నాను. ఈ ప్రశ్న వస్తే నా జవాబు ఇదేనని నర్సింలుకు ముందే చెప్పి ఉంచాను. అయినా ఆ మాట నలుగురిలో విన్నప్పుడు అతను తల దించుకున్నాడు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, "మీ బాపుతోని ఒక్క తెప్ప మీద పోయినోన్ని. మేం గూడ మస్తు తిట్టినం ర ఆయనను," అని కూర్చున్నాడు.

సంఘం అతన్ని నీళ్ల మీదికి పంపలేదు. గట్టు మీద కాంటా దగ్గర కూర్చోబెట్టి చేపలు ఏరే పని ఇచ్చింది. కొన్ని నెలల తర్వాత వ్యాయామం ఎలా సాగుతోందో చూపించడానికి వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగాను. "అప్పుడు తాగుబోతని తెప్ప దించిండ్రు, ఇప్పుడు రోగమని దించిండ్రు. గని ఇప్పుడు చాయ్‌కి పిలుస్తుండ్రు మేడం," అన్నాడు. నడక అంతకుముందు కంటే కొంచెం దిగజారింది. బాలమ్మ అతని మోచెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించుకుపోయింది.

రోగం ఏ జన్యువు వల్ల వచ్చిందన్నది మా ప్రశ్న. ఆ ఇంట్లో ముగ్గురివీ మూడు ప్రశ్నలు: నేను తాగలేదని ఊరు నమ్ముతుందా, ఆయన నిజంగా తాగాడా, రేపు నన్నూ అలాగే అంటారా. అవేవీ రక్తం తీసే ముందు సంతకం చేయించే మా అంగీకార పత్రంలో లేవు. పదవీ విరమణ దాకా మిగిలిన కాలంలో నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. సిరంజి తీసే ముందు, ఈ పరీక్ష వల్ల మీకేం తెలియాలని ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా అడిగేదాన్ని. వాళ్లు అడిగినవాటిలో మా పరీక్ష దేనికి జవాబివ్వగలదో, దేనికి ఇవ్వలేదో అప్పుడే చెప్పేదాన్ని. కొందరు అది విన్నాక రక్తం ఇవ్వకుండానే వెళ్లిపోయారు. నమూనాలు తగ్గాయని ఒకటి రెండుసార్లు పైనుంచి అడిగారు. అయినా ఆ పద్ధతి మార్చుకోలేదు.