రేపల్లె పెళ్ళిలో ఈడ్చిన పాట

రేపల్లెలో నిండు గుడిలో, జనమంతా లేచి నిలబడి చూస్తుండగా, నేనొక పెళ్ళిని ఇంచుమించు ఆపేసినంత పని చేశాను. ఆ పెళ్ళి శత్రువులది కాదు, మా పెదనాన్న కూతురు కరుణక్కది. చేసింది పగతో కాదు, తెలివితో. నా తెలివి ఎలాంటిదో మీకింకా తెలియదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. చివరికి మీకే నామీద జాలి కలుగుతుంది.

ముందుగా నా జబ్బు గురించి చెప్పాలి. నాది పగటికలల జబ్బు. తెనాలిలో మా మేడ మీది గదిలో కూర్చుని కంపెనీ పని చేసుకుంటూ ఉంటాను. కిటికీలోంచి స్టేషన్‌లో రైళ్ళ పేర్లు చెప్పడం వినిపిస్తుంది. ఏ రైలు పేరు వినబడితే ఆ రైలు మనసులో ఎక్కేస్తాను. మీటింగులో ఎవరో నా పేరు పిలిచే వేళకు నేను ఏ కృష్ణా వంతెన మీదో నీళ్ళు చూస్తూ ఉంటాను. మైకు పనిచేయడం లేదేమో అనుకుని పాపం వాళ్ళే సర్దుకుంటారు.

ఆ వేసవిలో కొత్త ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. పల్చటిది. లోపల ఫ్యాను కూడా లేదు, చప్పుడంటూ ఉండదు. అందులో ఉన్నది కొత్తరకం ప్రాసెసర్. దాని గొప్పతనం గురించి అమ్మకు చెప్పాను, పాలు పోసే ఆయనకు చెప్పాను, ఆటో ఎక్కితే డ్రైవరుకు చెప్పాను. ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

ఇక పెదనాన్న. ఆయనది బాపట్ల. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు కానీ, ఊళ్ళో అందరికీ ఆయన క్వయర్ మాస్టారే, అంటే చర్చి పాటల బృందానికి గురువు. మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా గుడిలో కీబోర్డు ముందు ఆయనే కూర్చునేవాడు. ఆయన దృష్టిలో క్షమాపణ లేని పాపం ఒక్కటే, పాటను ఈడ్చడం. "ఈడ్చకండర్రా! పాటేమన్నా వడ్ల బస్తానా?" అని గుడి పైకప్పు అదిరేలా అరిచేవాడు. చిన్నప్పుడు ఆ క్వయర్లో నేనూ ఉన్నాను. పాడుతూ పాడుతూ కలలోకి జారుకునేవాణ్ణి కాబట్టి, ఆ అరుపులో సగం నా వాటాకే వచ్చేది.

కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత తిరిగొచ్చింది, కుడిచెయ్యి రాలేదు. అయితే అంతకు ముందే ఆయనొక మంచి పని చేసి పెట్టుకున్నాడు. కరుణక్క పెళ్ళి కోసం ఒక బాణీ కట్టి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో, సంగీతం రాసుకునే ఒక పాత ప్రోగ్రాంలో, ఒక్కో స్వరమే ఎక్కించాడు. "ఊళ్ళోవాళ్ళ కూతుళ్ళందర్నీ వాయించి నడిపించానురా. నా కూతురి పెళ్ళప్పుడు నేను వాయిస్తూ కూర్చుంటే పక్కన నడిచేదెవరు? అందుకే పని దీనికి అప్పగించా" అనేవాడు.

పెళ్ళి దగ్గరపడ్డాక ఆ కంప్యూటర్ అవసానదశకు వచ్చింది. తెర ఉన్నట్టుండి నల్లబడిపోవడం మొదలైంది. నన్ను పిలిపించారు. నేను బాపట్ల వెళ్ళేసరికి హాల్లో రిహార్సల్ నడుస్తోంది. కంప్యూటర్ పాట పాడుతోంది. పెదనాన్న కర్ర పక్కన పెట్టి, ఎడమచేత్తో అక్క చెయ్యి పట్టుకుని, వీధి గుమ్మం నుంచి ఫ్రిజ్ దాకా నడవాలని చూస్తున్నాడు. ఆయన భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి పాట అయిపోయింది.

"కాస్త స్పీడు తగ్గిద్దాం నాన్నా, ఎవరికి తెలుస్తది?" అంది అక్క.

"నాకు తెలుస్తది. పాట సరిగ్గానే ఉంది, కాలే ఈడుస్తోంది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళని తిట్టి, ఇప్పుడు నేనే పాటను ఈడవనా?" పెదనాన్న కుర్చీలో కూలబడ్డాడు. "ఆ రోజు గుమ్మంలో మొదలుపెట్టి చూస్తా. కాలు కలిస్తే సరే. కలవకపోతే ముందు బల్ల మీద కూర్చుంటా, మీ మావయ్య నడిపిస్తాడు."

"మావయ్యెందుకు? నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే నడుస్తా."

కంప్యూటర్ తెర ఆ మాట విన్నట్టు నల్లబడింది. అలాంటప్పుడు తెలివైనవాడు మౌనంగా ఉంటాడు. నేను ఛాతీ విరిచాను.

"ఆ పాట సంగతి నాకొదిలేయండి. నా కొత్త ల్యాప్‌టాప్‌లో పాడిస్తా."

"అందులో ఈ ప్రోగ్రాం ఎక్కదన్నారురా షాపులో" అంది అక్క.

"మామూలుగా ఎక్కదక్కా. ఈ ప్రోగ్రాం పాతరకం చిప్పు కోసం రాసింది. నాది వేరే జాతి చిప్పు. ఒకదాని భాష ఇంకోదానికి రాదు. కానీ మధ్యలో ఎమ్యులేటర్ అని ఒకటి పెడతాం. అది పాత చిప్పులా నటిస్తూ, ప్రోగ్రాం చెప్పే ప్రతి మాటా నా చిప్పు భాషలోకి మార్చి చెబుతుంది."

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే మన సభల్లో, బయటిదేశం నుంచొచ్చిన బోధకుడు ఇంగ్లీషులో ఒక్కో ముక్క చెబుతుంటే, మన పాస్టరు అయ్యగారు పక్కన నిలబడి తెలుగులో చెబుతారే, అలాగా?"

"సరిగ్గా అలాగే!"

"మరి ఆ ప్రసంగాలు రెండింతలు పట్టవూ?"

ఆ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేనైతే అప్పుడే మర్చిపోయాను.

తెనాలి తిరిగొచ్చి మా మేడ గదిలో ఏసీ వేసుకుని, ల్యాప్‌టాప్‌కు ఛార్జింగ్ పెట్టి, కుస్తీ పట్టి ఎక్కించాను. పాట మొదలైంది. ఎక్కడా తడబాటు లేదు, బాపట్లలో విన్నది విన్నట్టే ఉంది. ఆ బాణీలో ఏముందో చెప్పలేను కానీ, వింటుంటే తెల్లవారుజామున సూర్యలంక తీరంలో అలలు పాదాల దాకా వచ్చి తాకకుండా వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. అమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఎంత బాగా కట్టారురా బావగారు! ఒరేయ్ చిన్నా, దీన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని అక్కడ పెడితే సరిపోద్ది కదా? ఆ పెట్టె మోసుకుపోవడం ఎందుకు?"

నేను నవ్వాను. చదువుకున్నవాళ్ళు తల్లుల మాటలకు నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది, అది నవ్వాను. "అమ్మా, రికార్డింగ్ వేరు, లైవ్ వేరు. పాటలో జీవం ఉండొద్దూ?"

కంప్యూటర్ పాడే పాటకు జీవమేమిటని మీరు అడగకండి. అమ్మ కూడా అడగలేదు. ఫోన్ చేతిలో తిప్పుకుంటూ ఇంకాసేపు అక్కడే నిలబడి, కూర మాడుతోందని కిందికి వెళ్ళిపోయింది.

పెళ్ళిరోజు అమ్మా నేనూ రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. నాన్న ముందురోజే పెళ్ళివారితో వెళ్ళిపోయాడు. ఎండాకాలం, కోతలైపోయి చేలన్నీ ఖాళీగా, ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. బోగీలో ఎవరో ముంజలు అమ్ముతున్నారు. కిటికీ పక్కన కూర్చుని, ఒక్కసారి విందామని ల్యాప్‌టాప్ తెరిచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. వేమూరు దాటాక ఇంకోసారి విందామనిపించింది. ఆ తర్వాత విందామనిపించడం కూడా మానేసి, పాట దానంతటదే తిరుగుతూ ఉంటే నేను కలలో ఉన్నాను. కలలో పెళ్ళి ముగిసింది. అయ్యగారు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. రేపల్లె జనం నా ల్యాప్‌టాప్‌కు పూలదండ వేశారు. నేను వద్దు వద్దంటూనే తల కొంచెం వంచాను.

"రేపల్లె వచ్చింది, లేరా" అని అమ్మ కుదిపింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది.

గుడికి చేరేసరికి అందరూ నాకోసమే చూస్తున్నారు. మైకుసెట్టు ఆయన దగ్గరికి పరుగెత్తాను. "ఇక్కడ ప్లగ్గు పాయింటు ఎక్కడుందండి?"

"కరెంటు పోయిందండి. జనరేటర్ మీద నడిచే ప్లగ్గు ఇదొక్కటేనండి, ఇందులో నా ఆంప్లిఫయర్ ఉంది. తీసేయమంటే తీసేస్తానండి. అప్పుడు మీ పాట మీ ఒక్కరికే వినపడుద్ది."

అయ్యగారు చెయ్యెత్తారు. జనం లేచి నిలబడ్డారు. గుమ్మంలో తెల్లచీర, తలమీద తెల్లటి ముసుగుతో కరుణక్క. పక్కన కొత్త చొక్కాలో పెదనాన్న, చేతిలో కర్రతో. మావయ్య వాళ్ళ వెనకే సిద్ధంగా ఉన్నాడు. ఇక దేవుడిదే భారమని మీట నొక్కాను.

మొదటి స్వరం పలికింది. హాయిగా పలికింది. రెండోది రాలేదు.

జరిగిందేమిటంటే, బ్యాటరీ అడుగంటడంతో ల్యాప్‌టాప్ తన శక్తి తాను దాచుకోవడం మొదలుపెట్టింది. దానికి తోడు రేపల్లె ఎండ, లోపల చల్లబరచడానికి ఫ్యానూ లేదు. ఉన్న కాస్త ఓపికతో ఆ ఎమ్యులేటర్ ఒక్కో మాటా తీరిగ్గా అనువదిస్తోంది. నేను ఇంతా ఆలోచించి కంగారుపడటం పూర్తయ్యాక రెండో స్వరం వచ్చింది. శ్రుతి మారలేదు, గొంతు మారలేదు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య దూరం పెరిగింది, అంతే.

"ఏంటి సార్, ఆగిపోయిందా?" అన్నాడు మైకుసెట్టు ఆయన.

"లేదండి, వస్తోందండి."

"ఎప్పటికండి?"

అయ్యగారు మైకుకు చెయ్యి అడ్డంపెట్టి నావైపు వంగారు. "బాబూ, ఈ పాట ఇంతేనా?"

"ఇంతేనండి అయ్యగారూ" అన్నాను. గుడిలో అబద్ధమాడటం అదే మొదలు. కనబడిన మీటలన్నీ నొక్కాను. నా నొక్కుళ్ళు కూడా ఆ అనువాదం క్యూలో నిలబడ్డాయి. ఆడవాళ్ళ బల్లల్లోంచి అమ్మ ఫోన్ పైకెత్తి నావైపు తెగ ఊపుతోంది. ఈ పరిస్థితిలో నాకు ఫొటోనా అని ఒళ్ళు మండి, వద్దు వద్దని చెయ్యి ఊపాను. పెదనాన్న వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. "ఈడ్చకండర్రా" అన్న అరుపు కోసం మెడ ముడుచుకుని ఎదురుచూశాను.

అరుపు రాలేదు. తలెత్తి చూశాను.

పెదనాన్న కర్రను గుమ్మానికి ఆనించి వదిలేశాడు. ఎడమచేత్తో అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఒక స్వరం పలికింది, ఆయన ఎడమకాలు వేశాడు. తర్వాతి స్వరం వచ్చేలోగా ఆ కుడికాలు నెమ్మదిగా, నేల మీద జారుతూ వచ్చి పక్కన చేరింది. సరిగ్గా అప్పుడు స్వరం పలికింది. మళ్ళీ అడుగు, మళ్ళీ స్వరం. మావయ్య రెండడుగులు ముందుకేసినవాడు వెనక్కి తగ్గి నిలబడ్డాడు.

ఆ తర్వాత గుడిలో ఏదో అయింది. చేతుల్లో విసనకర్రలు ఆగాయి. ముందు నడిచే ఆడపిల్లలు పూలరేకుల్ని గుప్పిళ్ళతో చల్లడం మానేసి, స్వరానికొకటి చొప్పున వదలసాగారు. రంగు అద్దాల్లోంచి పడే ఎండలో ఆ రేకులు కిందికి దిగడానికి కూడా తొందరపడలేదు. ముసుగులోంచి అక్క వాళ్ళ నాన్న పాదాల్నే చూస్తూ నవ్వుతోంది. పెళ్ళికొడుకు రుమాలు తీసి చెమట తుడుచుకోవడం మర్చిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా కలలు కంటున్నవాణ్ణి, మిగతావాళ్ళంతా కూడా నాతోపాటు ఒకే కలలో ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. తుడుచుకోలేదు, ఎందుకంటే రెండు చేతులూ ల్యాప్‌టాప్ మూత మూసుకుపోకుండా పట్టుకుని ఉన్నాయి.

వాళ్ళు పీఠం ముందుకు చేరారు. చివరి స్వరం ఒక్కటే మిగిలింది. తెర నల్లబడింది. ల్యాప్‌టాప్ చచ్చిపోయింది.

పెదనాన్న నావైపు చూశాడు. తర్వాత తల పైకెత్తి ఆ చివరి స్వరం తనే అందుకున్నాడు. గొంతు కొంచెం వణికింది కానీ శ్రుతి తప్పలేదు. ఆ స్వరం పూర్తిచేసి అక్క చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు.

భోజనాల దగ్గర రేపల్లెవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "ఏం పెట్టావు బాబూ పాట! ఒళ్ళు పులకరించిందనుకో!"

"అది నేను పెట్టింది కాదండి. బ్యాటరీ అయిపోయి అలా అయిందండి."

"చూశారా, ఎంత అణకువో!" అని వాళ్ళలో వాళ్ళు మెచ్చుకున్నారు. నిజం చెప్పినకొద్దీ నా అణకువ పెరిగిపోయింది. పెదనాన్న మాత్రం నన్ను పక్కకు పిలిచి చెవి పట్టుకున్నాడు. "వెధవా, చిన్నప్పుడు క్వయర్లో ఈడ్చినట్టే ఈడ్చావు గదరా" అన్నాడు. చెవి వదిలేసి, ఆ చేత్తోనే నా తల నిమిరాడు. "మొదటిసారి పాట నాకోసం ఆగింది."

సాయంత్రం తిరుగు రైల్లో అమ్మ సంచిలోంచి ఫోన్ తీసి ఏదో నొక్కింది. పెదనాన్న పాట! తెనాలి మేడ గదిలో పాడిన పాట, సరైన వేగంతో, ఆఖరి స్వరంతో సహా.

"అమ్మా! ఇది నీ దగ్గరే ఉందా?"

"ఆ రోజే రికార్డు చేశాను. గుడిలో చెయ్యి ఊపీ ఊపీ నొప్పెట్టింది. నువ్వేమో వద్దు వద్దంటివి."

"మరి మైకుసెట్టు ఆయనకివ్వకపోయావా?"

"ఇద్దామనే లేచాను." అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "మీ పెదనాన్న కర్ర వదిలేయడం కనబడింది. సంచిలో పెట్టేసి కూర్చున్నా."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒక చిప్పు కోసం రాసిన ప్రోగ్రాంను ఇంకో చిప్పు నెత్తిన ఇక జన్మలో రుద్దను. అమ్మ మాటకు ఆ నవ్వు నవ్వను. రైల్లో ల్యాప్‌టాప్ తెరవను. వచ్చే నెల బాపట్లలో పెదనాన్న వాళ్ళ పెళ్ళిరోజు పండగకు తప్ప. దానికి ఆయన నిన్ననే ఫోన్ చేసి ఆజ్ఞాపించాడు, "ఆ పెట్టె పట్టుకురా. మీ పెద్దమ్మా నేనూ నడుస్తాం. ఛార్జింగ్ మాత్రం పెట్టకు."