మేం వెళ్ళిన రోజు తాజ్ మహల్‌కి సెలవు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ ప్రపంచంలో ఉండేది కాదు. అంత తెలివీ తర్వాత ఎటు పోయిందో ఏమో! సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉద్యోగం, అద్దె అపార్ట్‌మెంట్, సెకండ్ హ్యాండ్ కారు, పాస్‌పోర్టులో హెచ్‌వన్ వీసా. ఇన్ని ఉన్న తెనాలి కుర్రాడికి ఎవరైనా సలహా చెప్పబోతే నవ్వొచ్చేది. "నాకు తెలుసులే" అన్నది అప్పట్లో నా ఊతపదం. ఎదుటివాళ్ళు మాట పూర్తి చేయకముందే అది అడ్డంగా పడేసేవాణ్ణి. (మా ఆవిడ నన్ను వెక్కిరించాలంటే ఇప్పటికీ గడ్డం పైకెత్తి, కళ్ళు సగం మూసి ఆ మాటే అంటుంది. అచ్చం నాలాగే ఉందని మా అమ్మాయి సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది.)

పెళ్ళి కుదిరాక ఓ రోజు ఫోన్‌లో ఆమెను అడిగాను, "నీకు బాగా చూడాలని ఉన్న చోటేదైనా ఉందా?" అని. నయాగరా అంటుందనుకున్నాను, డ్రైవింగ్ డైరెక్షన్స్‌తో సహా సిద్ధంగా ఉన్నాను. ఆమె తాజ్ మహల్ అంది. భీమవరంలో చదివే రోజుల్లో స్కూల్ వాళ్ళు ఢిల్లీ, ఆగ్రా ఎక్స్‌కర్షన్ పెట్టారట. బట్టలు సర్దుకుని, పులిహోర కూడా కట్టించుకున్నాక, బయల్దేరే రోజు పొద్దున్నే ఆటలమ్మ పోసిందట. "అందరూ వెళ్ళొచ్చారండీ. తాజ్ మహల్ కొసని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తేస్తున్నట్టు ఫొటో ఉంటుంది చూడండి, అది క్లాసంతటికీ ఉంది. నాకొక్కదానికే లేదు. నేను వేపాకుల మీద పడుకుని ఏడ్చాను" అంది. నవ్వుతూనే చెప్పింది కానీ ఆ నవ్వు చివర గొంతు కాస్త మారింది. నాకు ఎక్కడలేని హీరోయిజం పుట్టుకొచ్చింది. "అదెంత పని! నిన్ను అమెరికా ఫ్లైట్ ఎక్కించే ముందు ఆ ఫొటో తీయిస్తా. జనంతో కలిసి బస్సులో కాదు, ప్రైవేట్ టూర్. మనకే ఒక కారు, మనకే ఒక గైడ్" అన్నాను. కాబోయే భార్యకు నేను చేసిన మొట్టమొదటి వాగ్దానం అదే.

ఈ సంగతి మా రూమ్మేట్‌కి డాబుగా చెప్పాను. ఆయన వరంగల్ మనిషి, నాకంటే పెద్ద, పప్పు పోపు పెడుతూ పెడుతూ గరిటె నా వైపు తిప్పాడు. "తమ్మీ, ఏ రోజన్నా పో గానీ శుక్రవారం మాత్రం పోకు. తాజ్ మహల్ బందుంటది. మేం గట్లనే పోయి గేటుకు దండం పెట్టి వచ్చినం."

"నాకు తెలుసులే అన్నా" అన్నాను. (తెలియదు. అప్పుడే తెలిసింది.)

పెళ్ళయింది. సెలవులేమో పెళ్ళితోనే హరించుకుపోయాయి. మేనేజర్‌ని బతిమాలి, ఇండియా నుంచే పని చేస్తానని, అదీ బాతెల్ వేళల్లోనే చేస్తానని ఒప్పించాను. అలా కొత్తల్లుడిగా అత్తవారింట్లో రాత్రంతా మీటింగులు, పగలంతా నిద్ర. మీటింగులు తప్పిపోకుండా లాప్‌టాప్, ఫోన్, చేతి వాచీ అన్నీ బాతెల్ టైముకే పెట్టేసుకున్నాను. ఆ వాచీలో చిన్న గడిలో వారం పేరు కూడా కనిపించేది. మామగారు "టైమెంతయింది బాబూ?" అని అడిగితే, "మీకా, మాకా?" అనేవాణ్ణి. పాపం, పెద్దాయన కొన్నాళ్ళకి అడగడం మానేసి గోడ గడియారం కొనుక్కొచ్చుకున్నారు. నాకది అవమానంగా తోచలేదు సరికదా, గర్వంగా ఉండేది. శరీరం భీమవరంలో, కాలం బాతెల్‌లో. ఎంతమందికి సాధ్యం!

వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్‌లో స్లాట్ దొరకలేదు, ఢిల్లీలో దొరికింది. ఇద్దరం వెళ్ళాం. ఇంటర్వ్యూ అయింది, పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. శనివారం తెల్లవారకముందే సియాటిల్ ఫ్లైట్. ఈలోగా ఆగ్రా. ఓ రోజు పొద్దున్నే, అంటే నాకు ఆఫీసు పనైపోయే వేళకి, హోటల్ గదిలోంచి టూర్ కంపెనీకి ఫోన్ చేశాను. వాచీ చూసుకున్నాను. బుధవారం అని ఉంది. రేపు గురువారం, వరంగల్ అన్న చెప్పిన గండం లేదు. "రేపటికి ఒక ప్రైవేట్ డే టూర్ కావాలి. మొఘల్ కట్టడాలన్నీ చూపించాలి" అన్నాను. అవతలతను "సర్, రేపంటే తాజ్ మహల్..." అని ఏదో చెప్పబోయాడు. "నాకు తెలుసులెండి, అన్నీ తెలుసు. మంచి గైడ్‌ని పెట్టండి చాలు" అని పెట్టేశాను.

మర్నాడు చీకటితోనే కారొచ్చింది. మా ఆవిడ ఆ ఫొటో కోసమే భీమవరంలో కొనుక్కున్న చిలకపచ్చ చుడీదార్ వేసుకుని, తడి జుట్టు వీపంతా ఆరబోసుకుని కూర్చుంది. దారిపొడుగునా కిటికీలోంచి పొగమంచును చూస్తూ రెండు వేళ్ళూ గాల్లో పెట్టి ప్రాక్టీసు చేస్తోంది. "కొస పట్టుకోవాలా, గుమ్మటం పట్టుకోవాలా అండీ?" అని అడిగింది. కొసేనని ఖాయం చేశాను. అంత సంతోషంగా ఆమెను అంతకు ముందు చూడలేదు. ఇదంతా నా ఘనతేనని నేను సీట్లో కాస్త వెనక్కి వాలాను.

ఆగ్రా పొలిమేరలో గైడ్ ఎక్కాడు. పెద్దాయన, నల్ల వెయిస్ట్‌కోటు, మెడలో కార్డు, చంకలో గొడుగు. నమస్కారం పెట్టి, గొంతు సవరించుకుని, "పహలే సికంద్రా, ఫిర్ బేబీ తాజ్, ఫిర్ ఫోర్ట్, షామ్ కో మెహతాబ్ బాగ్" అని ఏకరువు పెట్టాడు.

"మరి తాజ్ మహల్?" అన్నాను.

"సర్ జీ, ఆజ్ ఫ్రైడే హై నా? తాజ్ బంద్."

నేను నవ్వాను. పాపం, అమాయకుడు! ఎడమ చెయ్యి ముందుకు చాపి వాచీ చూపించాను. గురువారం. ఆయన నా వాచీ చూశాడు, తన ఫోన్ చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. అద్దంలోంచి డ్రైవర్ కూడా చూశాడు. నేను గొంతు పెంచాను. టూరిస్టుల్ని ఎలా మోసం చేస్తారో, ఒకటి మూసేశారని చెప్పి ఇంకో చోటికి ఎలా తిప్పుతారో, ఇవన్నీ నాకు బాగా తెలుసని ఇంగ్లిష్‌లో వాయించాను. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు పక్కనుంచి మెల్లగా వినిపించింది.

"ఏవండీ... ఇవాళ శుక్రవారమేనండీ."

"నీకెలా తెలుసు?"

"తలంటు పోసుకున్నాను కదా."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె శుక్రవారం శుక్రవారం తలంటుకుంటోంది. ఆ లెక్క తప్పదు. బాతెల్‌లో ఇంకా గురువారం సాయంత్రమే, నా వాచీ అబద్ధమాడలేదు. కానీ తాజ్ మహల్ బాతెల్‌లో లేదు కదా! కంపెనీ అతను పాపం ఫోన్‌లోనే చెప్పబోయాడు. నేను విన్నానా?

ఏడుస్తుందేమోనని భయం భయంగా ఆమె వైపు చూశాను. ఏడవలేదు, అరవలేదు. గాల్లో ఉన్న రెండు వేళ్ళూ ముడుచుకుంది. బ్యాగులోంచి అరటిపండు తీసి, నిదానంగా తొక్క ఒలిచి, నాకు పెట్టకుండా మొత్తం తానే తినేసింది. పెళ్ళయ్యాక నాకు పెట్టకుండా ఆమె ఏదైనా తినడం అదే మొదలు. ఏడ్చినా బాగుండేదనిపించింది.

సికంద్రాలో అక్బర్ సమాధి చూశాం. తోటలో జింకలు తిరుగుతుంటే "అదుగో జింక" అన్నాను. "ఊఁ" అంది. బేబీ తాజ్ అని పిలిచే చిన్న సమాధి దగ్గర పాలరాతిలో పొదిగిన పూలు, కూజాలు చూపించి "ఎంత బావుందో!" అన్నాను. "ఊఁ" అంది. గైడ్ చూశాడు, ఏ కథ చెప్పినా ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు. తిట్టించుకున్న మనిషి ఎంత గౌరవంగా చెబుతున్నాడో చూస్తుంటే నాకు ఇంకా సిగ్గేసింది. ఒక మూల ఆగి ఆయనకు "సారీ భాయ్‌సాబ్" అన్నాను. ఆయన గొడుగుతో నా భుజం మీద తట్టి, "ముఝే నహీఁ, మేడమ్ కో బోలియే" అన్నాడు, నాకు కాదు, ఆవిడకి చెప్పమని.

ఆగ్రా కోటలో యమున వైపు ఒక పాలరాతి బురుజు ఉంది. షాజహాన్‌ని కన్నకొడుకే బంధించి అక్కడుంచాడనీ, చివరి ఏళ్ళన్నీ ఆయన అక్కణ్ణించి తాజ్ మహల్‌ని చూస్తూనే గడిపాడనీ గైడ్ చెప్పాడు. అటు చూస్తే నది వంపు అవతల, మంచులో, వేలెడంత తాజ్ మహల్. మా ఆవిడ చాలాసేపు కదలకుండా చూసింది.

"పాపం, ఆయనకి రోజూ శుక్రవారమే" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో వద్దో తెలియక ఆమె మొహం చూశాను. పెదవి చివర్న నవ్వు ఆపుకుంటోంది. ఇక ఆగలేదు, ఇద్దరం ఆ బురుజులో కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. గైడ్ ఏమిటేమిటని గింజుకుంటే నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన గొడుగు కింద పడేసుకుని నవ్వి, "మేడమ్, ఈ మాట రేపట్నుంచి నేను వాడుకోవచ్చా?" అని పర్మిషన్ అడిగాడు.

అప్పుడు ఆమెకు సారీ చెప్పాను. సగం మింగకుండా, పూర్తిగా.

"సారీ తర్వాత. ముందు ఆ వాచీ ఇటివ్వండి" అంది. ఇచ్చాను. "పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. నేను ఇవాళ్టిలో ఉంటున్నాను, మీరు నిన్నట్లో ఉంటున్నారు. నేను అన్నం వడ్డిస్తే మీరు గుడ్ నైట్ చెబుతారు. ఈ ఒక్క రోజైనా నాతో ఇవాళ్టిలో ఉండండి" అని వాచీని బ్యాగులో పడేసి జిప్ లాగింది. తాజ్ మహల్ పోయిందని కాదు ఆమె బాధ. నేనింకా తన ఇవాళ్టిలోకి రాలేదని.

సాయంత్రానికి మెహతాబ్ బాగ్ చేరాం. యమునకి ఇవతలి ఒడ్డున తోట అది. అవతలి ఒడ్డున ఎదురుగా తాజ్ మహల్, వెనకవైపు నుంచి, మొత్తం. మధ్యలో నది తప్ప ఏమీ లేదు. అటు జనం లేరు, ఇటు మేం, ఇద్దరు తోటమాలులు, కొన్ని కొంగలు. ఎండ వాలి గుమ్మటం లేత నారింజ రంగుకి తిరిగింది. మా ఆవిడ చెప్పులు విప్పేసి గడ్డిలో నిలబడి, "అబ్బ! అబ్బబ్బ!" అంది. నేను ఎలాంటి వివరణా ఇవ్వలేదు. (నమ్మండి.)

ఇక ఫొటో. గైడ్ ఈ విద్యలో ఆరితేరినవాడు. వెయిస్ట్‌కోటు విప్పి నా చేతికిచ్చి, గడ్డిలో బోర్లా పడుకుని, "మేడమ్, థోడా నీచే... థోడా లెఫ్ట్... అరె, ఆకాశాన్ని కాదు, తాజ్‌ని పట్టుకోండి!" అంటూ హిందీలో కేకలు. ఆమె నవ్వుతుంటే వేళ్ళు కదిలిపోతాయి, వేళ్ళు కుదిరేసరికి కొంగ అడ్డం. "సర్ జీ, మీరు కూడా రండి" అని నన్నూ లాగాడు. ఎట్టకేలకు వేళ్ళు కొసకి తగిలాయి. "ఉఠా లియా! ఎత్తేశారు!" అని పెద్దాయన అరిచిన అరుపుకి తోటమాలులు చప్పట్లు కొట్టారు.

ఆ ఫొటో ఇప్పుడు బాతెల్‌లో మా హాల్లో ఉంది. అందులో మా ఆవిడ తాజ్ మహల్‌ని రెండు వేళ్ళతో ఎత్తేస్తోంది. పక్కన వెయిస్ట్‌కోటు మోస్తూ నేను. తలా ఒక వంట తెచ్చుకునే వీకెండ్ పాట్‌లక్‌కి వచ్చిన పిల్లలు తప్పకుండా అడుగుతారు, "ఆంటీ, తాజ్ దగ్గర ఒక్క పర్సన్ కూడా లేరేంటి? ఎడిట్ చేశారా?" అని. మా ఆవిడ బిర్యానీ గిన్నె కింద పెట్టి, తీరిగ్గా నడుం మీద చెయ్యేసుకుని చెబుతుంది, "తాజ్ మహల్ ఒకాయన వాళ్ళావిడ కోసం కట్టించాడు. మా ఆయన నాకోసం ఒక రోజంతా మూయించారు. ఏది గొప్పో మీరే చెప్పండి."

"రియల్లీ? అంకుల్, హౌ?" అని పిల్లలు నా మీద పడతారు. నేను గంభీరంగా తలాడిస్తాను.

మొన్న మా అమ్మాయి పట్టు పట్టింది, "నాన్నా, నేనింకా తాజ్ చూడలేదు. నా ఫ్రెండ్స్ అందరూ చూశారు" అని. ఆ మాట వినగానే మా ఆవిడ, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వింటర్ బ్రేక్‌కి టికెట్లు తీశాను. టూర్ బుక్ చేయడానికి లాప్‌టాప్ ముందు కూర్చుని, వారం పేరు గట్టిగా పైకి చదివి, "గురువారం. ఇండియా గురువారం. కరెక్టేనా?" అని వంటింట్లోకి కేకేశాను. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి స్క్రీన్ చూసింది.

"గురువారం సరే, అమ్మాయిని లోపలికి తీసుకెళ్దాం. ఇంకో రోజు ఉండేలా చూడండి. శుక్రవారం నది అవతల మన తోటకి వెళ్దాం" అంది.

"శుక్రవారమా? ఆ రోజు..." అనబోయాను.

"నాకు తెలుసులే" అంది, గడ్డం పైకెత్తి. "తలంటుకునే వస్తాను."

ఆమె వెళ్ళాక గోడ మీద ఫొటో వంక చూస్తూ కూర్చున్నాను. అందులో కుర్రాడి ఎడమ చేతికి వాచీ లేదు, ఉండాల్సిన చోట ఎండ తగలని తెల్లటి చార మాత్రం ఉంది. టైమెంతయిందో, ఏ వారమో వాడికి ఏమీ తెలియదు. కెమెరా వంక కూడా చూడకుండా, పక్కనున్న చిలకపచ్చ చుడీదార్ అమ్మాయిని చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వెర్రివాడు, అంతకంటే తెలివిగా నేను మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు.