ఇరవై మూడో నంబరు కాగితం

బడిపిల్లలకు ఆత్మహత్యల నివారణ మీద ఇచ్చిన శిక్షణ ఏ మాత్రం పనిచేసిందో చూసే బాధ్యత నాకు అప్పజెప్పారు. శిక్షణకు ముందొకసారి, తర్వాతొకసారి అవే ప్రశ్నలిస్తాం. పిల్లలు భయపడకుండా రాయాలని పేర్లు వద్దన్నాను. చీటీ తీసి, అందులో వచ్చిన నంబరును రెండు కాగితాల మీదా వేస్తే చాలన్నాను. ఆ తెలివి నాదే. ఇప్పటికీ నన్ను వెంటాడేదీ అదే.

ఆళ్లగడ్డ దగ్గర ఒక బడి కాగితాలు నంద్యాలలో మా ఇంట్లో కూర్చుని దిద్దాను. రెండు విడతలవీ ఒకేసారి ముందేసుకున్నాను. "మనసు బాగా కష్టమైతే ఎవరికి చెబుతావు?" అన్న ప్రశ్నకు ఇరవై మూడో నంబరు మొదట ఇలా రాసింది: "ఎవరికీ చెప్పను. నేను లేకపోతే అందరికీ నిమ్మళం." రెండోసారి: "నమ్మకమైన పెద్దవారికి చెబుతాను." పొంగిపోయి పూర్తి మార్కులు వేశాను.

తర్వాతి కాగితంలోనూ అదే జవాబు. ఆ తర్వాతి దాంట్లోనూ అదే. అక్షరం తేడా లేదు. అంటే ఇరవై మూడో నంబరు రెండోసారి రాసింది తన మాట కాదు. మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

"జవాబులు బోర్డు మీద రాసిచ్చినాం మేడం," అన్నాడు తరగతి సారు, ఏమీ దాచుకోకుండా. "తనిఖీ అంటే ఎప్పుడూ అంతే గదా. బడికి మంచి పేరు రావల్ల."

ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. కానీ ఇరవై మూడు ఎవరంటే ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

తరగతిలోకి వెళ్లి, ఈసారి మార్కుల్లేవు, మీకు తోచింది రాయండి అన్నాను. పిల్లలంతా తలెత్తి బోర్డు వైపు చూశారు. ఇంకేం చేయాలో తెలియక, మాట్లాడాలనుకున్నవాళ్లు రండి, బయట మెట్ల మీద ఉంటానని చెప్పి వచ్చేశాను.

చాలాసేపటికి ఒక పాప వచ్చింది. "మేడం, ఆ నమ్మకమైన పెద్దోళ్లు యాడుంటారు?"

నువ్వేనా అని అడగబోయి ఆగాను. "నేనుండాను గదమ్మా, చెప్పు. మొదటిసారి ఏం రాసినావు?"

"మా అవ్వకు చెప్తానని రాసింటి. అవ్వ పోయింది మేడం."

అని ఏడ్చేసింది. దగ్గరికి తీసుకున్నాను. ఆ కాగితం ఈ పాపది కాదు. అయినా ఈ పాపను వదిలి లేవలేను. అంతలో ఇంటి గంట కొట్టారు. పిల్లలంతా మమ్మల్ని దాటుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఇరవై మూడో నంబరు కూడా వాళ్లలోనే ఉంది.