సముద్రదేవుడి నడుముకు తాడు

గ్రీసులోని కాలిమ్నోస్ దీవి రేవులో స్కేవోస్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళుగా అందరికీ ఆయన ‘దేవుడు’. భక్తితో కాదు, వెటకారంతో. “ఏం దేవుడూ, అలలు కాస్త తగ్గించరాదూ, మా పడవ వెళ్ళాలి” అంటాడొకడు. “దేవుడి కాఫీలో చక్కెర కాదర్రా, ఉప్పెయ్యండి” అంటాడింకొకడు. డెబ్బై ఒక్కేళ్ళ స్కేవోస్ ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి, చేతికర్ర కుర్చీకి ఆనించి, ఆ మాటలు విన్నా విననట్టు తన కాఫీ తాను తాగుతాడు. దీవిలో నోళ్ళకు పనిలేకపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

ఆ పేరు ఒక సినిమా వల్ల వచ్చింది. నక్షత్రాల మధ్య ఓడల్లో తిరిగే మనుషుల కథ అది. అందులో మన పాత దేవుళ్ళు అసలు దేవుళ్ళే కారట, ఎక్కడో దూరపు లోకం నుంచి దిగివచ్చిన వేరే జాతి అట. వాళ్ళు తిరిగి వెళ్ళిపోతూ పొసైడన్‌ను ఒక మంచు చందమామ అడుగున, చీకటి సముద్రంలో కాపలాకి వదిలేస్తారు. తనవాళ్ళ ఓడ వచ్చి తీసుకెళ్తుందని ఆ సముద్రదేవుడు పదివేల ఏళ్ళు పైకి చూస్తూ కూర్చుంటాడు. ఇలాంటి కథలు ఎవరు రాస్తారో, ఎందుకు రాస్తారో గాని, తీయడానికి మాత్రం వాళ్ళు మా దీవికే వచ్చారు. ముక్కుకు గొట్టం లేకుండా నీళ్ళ అడుగున మూడు నిమిషాలు కూర్చోగల మనిషి కావాలన్నారు. రేవంతా ఒకే పేరు చెప్పింది.

స్కేవోస్‌కి అప్పుడు నలభై ఒకటి. పదిహేనో ఏట నుంచి సముద్రం అడుగున పెరిగే స్పంజిల కోసం మునుగుతున్నవాడు. ముప్పై మూడో ఏట ఒకసారి మరీ లోతుకు వెళ్ళి, మరీ తొందరగా పైకి వచ్చాడు. ఈ దీవిలో ఇంటికొకరిని పట్టిన మునకల జబ్బే ఆయన్నీ పట్టింది. రెండు కాళ్ళూ చచ్చుబడి ఆరునెలలు మంచం మీద ఉన్నాడు. తర్వాత కుడికాలు తిరిగొచ్చింది, ఎడమది రాలేదు. ఒడ్డున కుంటివాడు, నీళ్ళలో మాత్రం చేపే. దేవుడు సినిమాలో ఎక్కడా నడవడు కాబట్టి సినిమావాళ్ళకు కాలుతో పనిలేదు.

మంచం మీద ఉన్న ఆ ఆరునెలలూ ఆయనకూ వంటింట్లో ఉన్న భార్య నోమికికీ మధ్య ఒక సన్నతాడు ఉండేది. ఒక కొస మంచంకోడుకు, ఇంకో కొస ఆమె మణికట్టుకు. భాష పడవ మీదిదే, మునిగేవాడి నడుముకు కట్టే తాడుదే. పైనున్నవాడు ఒకసారి లాగితే “ఉన్నావా?” అని. కిందివాడు ఒకసారి లాగితే “ఉన్నాను” అని. మూడుసార్లు లాగితే “పైకి తియ్యి” అని. నోమికి రొట్టెపిండి పిసుకుతూ పిసుకుతూ మధ్యలో ఒకసారి లాగేది, మంచం మీంచి ఆయన ఒకసారి లాగేవాడు. మణికట్టు ఒరుసుకుపోయాక తాడు కొసను మేకుకు వేలాడే గరిటెకు కట్టింది. ఆయన లేచి తిరిగాక కూడా ఆ తాడును ఎవరూ విప్పలేదు.

సినిమా పని మొదలైన నాలుగోరోజు గొడవ వచ్చింది. నీళ్ళలోకి దిగేటప్పుడు నడుముకు తాడు కట్టుకోవడం స్కేవోస్ అలవాటు. ఆ తాడు పట్టేవాడు ఆయన చిన్ననాటి జతగాడు థెమెలిస్. ఆరోజు థెమెలిస్ మేనల్లుడి బాప్తిజంలో తాగి, నిలబడలేని స్థితిలో పడవ దగ్గరకు వచ్చాడు. సినిమావాళ్ళలో ఒక పిల్లగాడు తాడు నేను పడతానన్నాడు. స్కేవోస్ ససేమిరా అన్నాడు.

“వాడికి తాడంటే బట్టలారేసుకునేదనే తెలుసు. వాడి చేతిలో నా ప్రాణం పెట్టను.”

అప్పుడే నోమికి ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం డబ్బాతో వచ్చింది. విషయం విని డబ్బా కింద పెట్టింది.

“తాడిలా ఇవ్వండి.”

“నీకెందుకే? ఆడది తాడు పడితే రేవంతా నవ్వుతుంది” అన్నాడు స్కేవోస్.

“ఇది స్పంజిల పడవ కాదుగా, ఆడదాని కాలు పడితే మునిగిపోడానికి. పదహారేళ్ళయింది మన పెళ్ళయి. ఈస్టర్ కాగానే వెళ్తావు, చలి మొదలయ్యాక వస్తావు. ఆ ఏడు నెలలూ నువ్వున్నావో లేవో ఎవడో తాగుబోతుకు తెలుస్తుంది, నాకు తెలీదు. ఒక్కరోజన్నా ఆ తాడు నా చేతిలో పెట్టవయ్యా.”

ఆయన తాడు కొస ఆమె చేతికిచ్చాడు.

దర్శకుడు అంతకు ముందు ఆరుసార్లు తీసి ఆరుసార్లూ తల పట్టుకున్నాడు. పదివేల ఏళ్ళుగా తనవాళ్ళకోసం ఎదురుచూస్తున్నవాడి ముఖం కావాలి మొర్రో అంటే, ఈ దేవుడు పంటినొప్పి వచ్చినవాడిలా పైకి చూస్తున్నాడు. ఏడోసారి స్కేవోస్ అడుగున రాతిసింహాసనం మీద కూర్చున్నాడు. కెమెరా తిరుగుతోంది. నడుము దగ్గర తాడు ఒకసారి కదిలింది.

ఉన్నావా?

ఆయన పైకి చూశాడు. తర్వాత చెయ్యి తాడు మీద వేసి ఒకసారి లాగాడు. నీళ్ళలోంచి పైకి వచ్చేసరికి దర్శకుడు గంతులేస్తున్నాడు.

“వీడికేమొచ్చింది?” అంది నోమికి.

“నిన్ను చూశాను కింద నుంచి. ఆ చూపు బాగుందట.”

“నన్నా? అన్నం డబ్బా కోసం చూసుంటావు.”

తన తలగుడ్డతో ఆయన జుట్టు తుడుస్తూ నవ్వింది. ఆ నవ్వు ఏ ఫోటోలోనూ లేదు. వాళ్ళ పెళ్ళిరోజున సముద్రం పొంగి ఫోటోలవాడు దీవికి రాలేకపోయాడు, ఆ తర్వాత నోమికి ఏ కెమెరా ముందూ నిలబడలేదు. సినిమా ఎక్కడెక్కడో ఆడిందన్నారు గాని, మా దీవికి రాలేదు. పదకొండేళ్ళ క్రితం నోమికి పోయింది. ఆమెది అంటూ కెమెరాకు చిక్కింది ఈ లోకంలో ఏదైనా ఉంటే ఆ ఒక్క తాడు కదలికే. అదైనా సినిమాలో ఉందో లేదో స్కేవోస్‌కి తెలియదు.

“దేవుడికి తాడు కనిపించే ముక్క ఎవడుంచుతాడ్రా? కోసి చెత్తలో పారేసుంటారు” అనేవాడు థెమెలిస్. ఆ మాట అన్న ప్రతిసారీ స్కేవోస్ కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయేవాడు. తాగి ఆరోజు తాడు పట్టలేకపోయినందుకు సిగ్గుపడాల్సినవాడు ఇన్నేళ్ళూ అలా గుచ్చడం నాకైతే నచ్చలేదు.

ఈ వసంతంలో బడి టీచరు ఎఫ్తిఖియాకు ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఉన్న తమ్ముడు ఆ సినిమా టేపు పంపాడు. ఆదివారం చర్చి కాగానే బడిగదిలో టీవీ పెట్టి అందరికీ చూపిస్తానంది. వారం రోజులు స్కేవోస్ తప్పించుకు తిరిగాడు.

“నీకోసమే కద బాబాయ్ తెప్పించింది” అని ఇంటికొచ్చి నిలదీసింది ఆమె.

“చూడనంతకాలం అది ఉందనుకోవచ్చమ్మా. చూశాక లేదని తెలిస్తే నేనేం చెయ్యను?”

“ఉంటే?”

ఆదివారం గడ్డం గీసుకుని, కోటు వేసుకుని వెళ్ళాడు.

పొసైడన్ నోరు తెరవగానే గదంతా గొల్లున నవ్వింది. గొంతు ఎవడో పరాయివాడిది, డోలు మోగినట్టు ఉంది. “నువ్వు మేకల్ని పిలిచినా ఇంత గొంతు రాదు కదరా” అని థెమెలిస్ పక్కనుంచి పొడిచాడు. స్కేవోస్ వినలేదు. రెండు చేతులూ కర్ర మీద పెట్టి ముందుకు వంగి చూస్తున్నాడు.

రాతిసింహాసనం వచ్చింది. వెండిపొలుసుల అంగీ, గడ్డం, నీళ్ళలో తేలే జుట్టు. నడుము నుంచి పైకి స్పష్టంగా తాడు.

“అయ్యో, దేవుణ్ణి గేదెలా కట్టేశారర్రా!” ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు.

తాడు బిగిసింది. ఒకసారి కదిలింది.

తెరమీద నలభై ఒక్కేళ్ళ స్కేవోస్ తల పైకెత్తాడు. ఆ ముఖం చూసి గదిలో నవ్వు ఆగింది. ఎవరూ ఆగమనలేదు, దానంతటదే ఆగింది. ఆయన చెయ్యి తాడు వైపు కదులుతోంది. అంతలో బొమ్మ మారిపోయి నక్షత్రాలు వచ్చాయి, ఓడ వచ్చింది, ఎవరెవరో మాట్లాడుకున్నారు.

“బాబాయ్, వెనక్కి తిప్పనా?” అంది ఎఫ్తిఖియా మెల్లగా.

“వద్దమ్మా.” స్కేవోస్ కర్ర ఊతంతో లేచాడు.

“ఎక్కడికిరా? కథ ఇంకా అవలేదు” అన్నాడు థెమెలిస్.

“నోమికి అడిగింది, చూశావుగా. నేను చెప్పింది వాళ్ళు కోసేశారు.”

థెమెలిస్ కూడా లేచి బయటికి నడిచాడు. ఎర్రటి ఎండలో, మెట్లమెట్ల సందులో, కాలీడ్చుకుంటూ ఎక్కుతున్న మనిషి వెనక నాలుగు మెట్లు కిందుగా తానూ ఎక్కాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆ ఇంట్లోకి పిలవకుండా వెళ్ళే ముఖం తనకు లేదనిపించింది కాబోలు.

స్కేవోస్ కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. నోమికి మీద బెంగ పదకొండేళ్ళలో తగ్గలేదు, ఇవాళ మరీ ఊపిరాడనివ్వడం లేదు. మంచంకోడుకున్న తాడు చేతిలోకి తీసుకున్నాడు. మూడుసార్లు లాగాలనే అనిపించింది, పైకి తీసుకుపొమ్మని. కాని నోమికి అడిగింది అది కాదు, ఉన్నావా అని.

ఒకసారి లాగాడు. వంటింట్లో గరిటె గోడకు తగిలింది. వీధిమెట్టు మీద కూర్చున్న థెమెలిస్‌కు కూడా ఆ చప్పుడు వినబడింది.