మొగులన్న క్యాసెట్

ఈ రోజు జహీరాబాద్ బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే టేప్ రికార్డర్లో మొగులన్న గొంతు వినిపించింది. అతను కట్టిన పాటలను పదేళ్లుగా ఇద్దరం కలిసే పాడుతున్నాం. హైదరాబాద్ క్యాసెట్ కంపెనీ మాత్రం అతన్నొక్కడినే పిలిచింది. చాయ్ సగంలోనే పక్కన పెట్టేశాను.

అంతలో మొగులన్నే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నా పాటలు నన్నే యాడా పాడొద్దని కంపెనీవాళ్లు సంతకం తీస్కున్నరు తమ్మీ. రేపు కోహీర్ భజనల నువ్వే పాడాలె," అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"పాడత తీయన్నా," అన్నాను.

జాలిపడాల్సిన మాటే. కానీ, పాడొద్దని కంపెనీవాళ్లు సంతకం తీసుకునేంత గొంతు నాకెందుకు లేకపోయిందని ఇంటిదాకా కుళ్లుకుంటూనే వచ్చాను. ఇంత కుళ్లు మీలో ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది.