పది రోజులు ఆపిన మందు

కరోనా సర్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలం అది. పశువైద్యం చదివి, తార్నాక దగ్గరి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఓ ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాను. నా పని మేకల్లో ఉండే ఒక పురుగు మీద. దారంలా సన్నగా ఉండే ఆ పురుగు మేక పొట్టలో అతుక్కుని నెత్తురు తాగుతుంది. తాగుతూ కొన్ని ప్రోటీన్లు వదులుతుంది. రోగాలతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలను ఆ ప్రోటీన్లు మందగింపజేస్తాయా అన్నది నా ప్రశ్న.

అందుకు పురుగులున్న మేకల నెత్తురు కావాలి. గోల్నాకలో మూసీ వైపు మేకలు మేపుకునే యాదమ్మ అలా పరిచయమైంది. అరవై దాటిన మనిషి. పదకొండు మేకలు. వాటి పెంటికలు మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ఒక ఎర్ర మేకవి పురుగు గుడ్లతో నిండి ఉన్నాయి. మర్నాడు వెళ్లి దాని నెత్తురు తీశాను.

“ఇగ మందు పోసేస్త బిడ్డా. వానకు గడ్డి పచ్చగైంది, గిప్పుడే పురుగులు ఎక్కువైతయి,” అంది యాదమ్మ.

మందు పోస్తే పురుగులు పోతాయి. నాకేమో పది రోజుల తర్వాత అదే మేక నెత్తురు మళ్లీ తీసి పోల్చాలి. ఒంట్లో నెత్తురు ఎంత తగ్గిందోనని దాని కనురెప్ప తిప్పి చూశాను. పాలిపోయింది గానీ పూర్తిగా తెల్లబడలేదు.

“పది రోజులాగమ్మా. ఏం కాదు. నేనే వచ్చి పోస్తాను.”

“నువ్వు డాక్టరువి. నువ్వు జెప్తె ఆగుత.”

ఆ నెత్తురులోంచి తెల్ల కణాలను వేరుచేసి, సగం గిన్నెల్లో పురుగు ప్రోటీన్ కలిపి, ఒంటి వేడిని నిలిపి ఉంచే ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాను. మూడో రోజుకి ప్రోటీన్ లేని గిన్నెల్లో కణాలు గుత్తులు గుత్తులుగా పెరిగాయి. కలిపిన గిన్నెల్లో వేసినవి వేసినట్టే ఉన్నాయి. మా గైడ్ చూసి చాలా సంతోషించారు. ఆ వారమంతా ముసురు. నేను గ్రాఫుల్లో మునిగిపోయాను. యాదమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి “మేత ముడ్తలేదు” అంది. రెండు రోజుల్లో వస్తానన్నాను. రెండోసారి నేను ఎత్తలేదు.

తొమ్మిదో రోజు వెళ్లేసరికి ఎర్ర మేక గోడవారగా పడుకుని ఉంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. కనురెప్ప తిప్పితే తెల్ల కాగితంలా ఉంది. మందు పోశాను. సగం మూతి పక్కనుంచి కారిపోయింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

“సూడిది గది,” అంది యాదమ్మ. “నువ్వడగలే, నేను జెప్పలే.”

కడుపుతో ఉన్న మేకకు పురుగు ఎంత ప్రమాదమో నేను పుస్తకాల్లో చదివి పరీక్షలు రాసినదాన్ని. ఆ మాట అడగాలని నాకు తోచనే లేదు.

“నేను ఆపమనకపోతే బతికేదమ్మా.”

“ఎరుకే,” అంది. “నీ పనైతే అయిందా బిడ్డా?” అని అడిగింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను తలూపాను.

“మిగిలినయిటికి మందు పొయ్యి. నెత్తురు మాత్రం తియ్యకు.”

ఒక్కో మేక మూతీ ఆమె పట్టుకుంటే, మిగిలిన పదింటికీ పోశాను.

థీసిస్‌లో ఆ ఎర్ర మేక ఏడో నెంబరు. పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ దాని గ్రాఫు మెచ్చుకుని, రెండో శాంపిల్ గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. చనిపోయిందన్నాను. ఎలాగని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నా విద్యార్థులతో నెత్తురు తీసిన పూటే మందు పోయిస్తాను. పోల్చడానికి రెండో శాంపిల్ దొరకదని వాళ్లు గొణుగుతారు. నిజమే, దొరకదు. వానల్లో మందు ఆపకూడదని యాదమ్మకు ఆ రోజు తెలిసిన విషయం నాకూ తెలుసు. తెలిసే ఆగమన్నాను. తెలియక చేసిన తప్పయితే ఈపాటికి మరిచిపోయేదాన్ని.